కరియ గంట

అనంతపురం,
8 ఆగస్టు 2004, ఆదివారం

అక్కకు,

ఉద్యోగంలో చేరి ఇరవై రోజులైనా ఒక్క ముక్క రాయలేదు. ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసి, తర్వాత మిగతాది చదువు. అంగడి ఫోనుకు చేద్దామంటే నిన్ను పిలుచుకొచ్చేలోపు ఇక్కడ బూత్‌లో మీటరు పరుగెడుతుంది. నువ్వొచ్చాక మనం మాట్లాడేది కుందుర్పి అంతా వింటుంది. ఉత్తరమే మేలు.

మా ఆఫీసు టవర్ క్లాక్ దగ్గర, మేడ మీద. పదకొండు మందిమి. జీవిత బీమా పాలసీలు అమ్మడం మా పని. టై కట్టుకోవాలి. ముడి వేయడం రాక, అంగడివాడు వేసిచ్చిన ముడిని మొదటి మూడు రోజులు విప్పకుండానే తల మీంచి తీసి మేకుకు తగిలించాను. నాలుగో రోజు పక్క సీటు ఉమాదేవి గారు చూసి నవ్వి, నేర్పించారు. ఆమె ధర్మవరం నుంచి రోజూ రైల్లో వస్తారు. ఇదివరకు ఇంటింటికీ తిరిగి పట్టుచీరలు అమ్మేవారట. భర్త పోయాక ఈ ఉద్యోగంలో చేరారు. నలభై దాటి ఉంటాయి.

గోడ మీద ‘మనమంతా ఒకే కుటుంబం’ అని పెద్ద అక్షరాలతో ఉంది. కుటుంబం కాబట్టి ఎవరినీ సార్ అనకూడదు, పేరు పెట్టి పిలవాలి. మేనేజర్ పేరు నాగేశ్వర, గోరంట్ల వాళ్లు. నాకంటే మూడేళ్లే పెద్ద. అయినా ఉత్త పేరుతో పిలవడానికి నోరు తిరగక ‘నాగేశ్వరన్నా’ అన్నాను. ‘అన్నా’ అని పిలిచినా తప్పేనట. తప్పు చేసినవాడు అందరికీ టీ ఇప్పించాలి. మొదటి వారమంతా ఆఫీసు నా టీలే తాగింది. కుటుంబమంటారు, అన్న అంటే ఒప్పుకోరు, ఇదేం కుటుంబమో నాకు అర్థం కాలేదు.

చేరిన రోజే తెలిసినవాళ్ల పేర్లు వంద రాయమన్నారు. అందరి దగ్గరికీ వెళ్లి పాలసీ అడగాలి. మామలు, బావలు, నా బడి స్నేహితులు, కంసలి ఆదెన్న, అందరూ కలిసి తొంభైతొమ్మిది దగ్గర ఆగిపోయారు. ఏం చేయాలో తోచక వందోది ‘కరియ’ అని రాశాను. అవును, మన మేకపోతే. మేనేజర్ జాబితా చూస్తూ ఈ కరియ గారు ఏం చేస్తారని అడిగాడు. ముందు నడుస్తాడు, అందరూ ఆయన వెనకే పోతారు అన్నాను. ‘లీడరన్న మాట, మొదట ఆయన్నే కలువు’ అన్నాడు. పోయిన కరువులో చచ్చిపోయాడని చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

ఇంతకీ ఒక పని ఉంది. ఎవరైనా పాలసీ అమ్మితే మా ఆఫీసులో గంట కొట్టాలి, అందరూ లేచి చప్పట్లు కొట్టాలి. ఫ్యాన్సీ షాపులో కొన్న ఇత్తడి గంట ఒకటి ఉండేది, నాలుక ఊడిపోయింది. నాగేశ్వర మంచి మోత ఉన్న గంట ఎవరైనా తెస్తారా అని అడిగాడు. కరియ గంట అటక మీద ఊరికే ఉంది కదా. నాయన ఇస్తాడేమో అడిగి చూడు. నువ్వడిగితేనే ఇస్తాడు.

అమ్మకు చెప్పు, మెస్సులో జొన్నరొట్టె దొరుకుతోంది.

నీ తమ్ముడు
గంగాధర్


కుందుర్పి,
17 ఆగస్టు 2004

గంగాధర్‌కు,

నువ్వు చెప్పినట్టే ముందు తిట్టాను. ఉత్తరం మడిచి పెట్టి, మీ బావ ముందర కూర్చుని అరగంట తిట్టాను. ఆయన నిన్ను కాదు తననే అనుకుని లేచి గొర్రెలకు ఆకు కోయడానికి వెళ్లిపోయాడు. ఒక ఉత్తరంతో రెండు పనులయ్యాయి.

చచ్చిన మేకపోతుకు బీమా చేయించే ఉద్యోగం నీకే దొరికింది. నా అంగన్‌వాడీ పిల్లలకు చెబితే వాళ్లు కూడా నమ్మరు.

గంట సంగతి. నాయనను అడిగాను. ఆ గంట కరియ మెడలో ఏడేళ్లు ఉంది. ఏటా మేతకు కణేకల్ కాలువ దాకా రెండు వందల గొర్రెల్ని నడిపించుకుపోయింది దాని వెనకే కదా. అది పోయాక నాయన ఇంకో పోతుకు కట్టలేదు. మీ బావ రెండు మూడు పోతుల్ని చూపించాడు. ఒకటి బెదురుది, ఒకటి తిండిపోతుది అని వంకలు పెట్టాడు. అలాంటి గంట ఆఫీసుకు ఇస్తాడని నేను అనుకోలేదు. మరుసటి రోజు పొద్దున అటక మీంచి దించి, చింతపండు పెట్టి తోమాడు. తోలుపట్టాకు నూనె రాశాడు.

అప్పుడు నన్ను అడిగిందొక్కటే. ‘ఆడ దాన్ని ఎవురికి కడతారమ్మా?’ అన్నాడు. ఎవరికీ కట్టరు నాయనా, స్తంభానికి కడతారు, బాగా పని చేసినవాళ్లు కొడతారు అన్నాను. స్తంభానికా అని కొంచెం నొచ్చుకున్నాడు. అయినా ఇచ్చాడు.

గంట బయ్యన్న చేత పంపుతున్నాను. వాడు చెనక్కాయల విత్తనాల పని మీద అనంతపురం వస్తున్నాడు. వాడికి పాలసీ గీలసీ అంటగట్టకు, బస్సు ఎక్కకముందు నుంచే వాడికి అదే భయం. వానల మాట అడగవద్దు. విత్తనం వేశాం, మొలిచింది, నిలబడి పైకి చూస్తోంది. మేమూ దాంతో పాటే చూస్తున్నాం.

నీ అక్క
చౌడేశ్వరి


అనంతపురం,
5 సెప్టెంబర్ 2004

అక్కకు,

గంట అందింది. స్తంభానికి కట్టాము. మొదటిసారి కొట్టినప్పుడు కింద చెప్పుల అంగడి ఆయన మేడెక్కి వచ్చి ఏమైందని అడిగాడు. అంత మోత. బొంబాయి నుంచి వచ్చిన కంపెనీ పెద్దాయన కూడా ఫోటో తీసుకున్నాడు. ఆ గంట మా నాయనదని చెబితే నాగేశ్వర అందరి చేత నాకు చప్పట్లు కొట్టించాడు. నేను రెండుసార్లు కొట్టాను. కొట్టినప్పుడు నాకు మాత్రం చప్పట్లు వినిపించలేదు. మంద దొడ్డికి తిరిగి వస్తున్నట్టు అనిపించి, దుమ్ము వాసన కోసం చూశాను.

పనిలో కష్టం లేదని అనను. పొద్దున తొమ్మిదికి అందరం గుండ్రంగా నిలబడి, ఈ రోజు ఎన్ని పాలసీలు తెస్తామో గట్టిగా చెప్పాలి. సాయంత్రం మళ్లీ నిలబడి, ఎందుకు తేలేదో చెప్పాలి. వర్షం లేదు, చెనక్కాయ ఎండిపోతోంది, జనం దగ్గర దుడ్లు యాడివి అని చెబితే అవి సాకులట. నాగేశ్వర చెడ్డవాడు కాదు. హైదరాబాద్ నుంచి ఫోను వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతాడు. అవతలివాళ్లకు కనిపించదు కదా అని ఒకసారి అడగాలనుకున్నాను. మాట్లాడి పెట్టేశాక ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

ఆదివారాలు కూడా ఇళ్లకు వెళ్లి కలవాల్సి ఉంటుంది. అందుకే రాలేకపోతున్నాను. ఉమాదేవి గారు నీకోసమని ధర్మవరం నుంచి రవికె గుడ్డ తెచ్చారు, వచ్చేటప్పుడు తెస్తాను.

గంగాధర్


అనంతపురం,
24 అక్టోబర్ 2004

అక్కకు,

ఆలస్యంగా రాస్తున్నాను. జ్వరం కాదు, ఏమీ కాదు. పనే.

పోయిన నెల మా బ్రాంచి అన్ని బ్రాంచీల్లో చివరికి పోయింది. నాగేశ్వరను హైదరాబాద్ పిలిపించి మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. వచ్చాక కొన్ని పద్ధతులు మారాయి. గంట ఇప్పుడు స్తంభానికి లేదు. ప్రతి సోమవారం పొద్దున మీటింగులో ఒకరి మెడలో వేస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. వారమంతా ఆఫీసులో ఉన్నంతసేపూ ఆ గంట వాళ్ల మెడలోనే ఉంటుంది. ఈ వారం నా మెడలో పడింది.

ఇక్కడ నిన్న నాలుగు చినుకులు పడ్డాయి. అక్కడ పడ్డాయా? అమ్మ మోకాళ్లకు నూనె పంపిస్తాను. మీ బావ అని రాస్తావు గానీ ఆయన నాకు ఉత్తరంలో ఒక్క గీత కూడా గీయడు, కోపమా?

ఉంటాను.

గంగాధర్


కుందుర్పి,
2 నవంబర్ 2004

ఒరేయ్ గంగాధర్,

ఇంత పెద్ద సంగతిని చినుకుల మధ్య, మోకాళ్ల నూనె పక్కన దాచి రాస్తావా? నీకు చిన్నప్పటి నుంచి ఇదే. ఏడో తరగతిలో మంచి మార్కులు వస్తే కూడా మూడు రోజులు చెప్పలేదు.

నీ ఉత్తరం నాయనకు చదివి వినిపించాను. గంట నీ మెడలో పడిందన్న చోట నన్ను ఆపి, మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. మూడోసారి అమ్మను కూడా పిలిచి నా చేతే చదివించాడు. ‘నేను చెప్పలే? స్తంభానికి కట్టేది కాదది. వాళ్లకూ తెలిసొచ్చినట్టుండాది’ అన్నాడు. మందలో ముందు నడిచేదానికే గంట కడతారు కదా. పదకొండు మందిలో నీకే కట్టారంటే ఇంకేముంది?

ఆ పూట గొర్రెల్ని మీ బావకు అప్పగించి, తెల్ల పంచె కట్టుకుని టీ అంగడికి వెళ్లాడు. అక్కడ ఎవరితో ఏమన్నాడో గానీ సాయంత్రానికి ఊరంతా వచ్చి అమ్మను పలకరించింది. అమ్మ బెల్లం, కొబ్బరి పంచింది. హనుమంతరాయుడు మామ అయితే వాళ్ల అబ్బాయిని మీ ఆఫీసులో చేర్చుకుంటారా, గంగాధర్ మాట చెల్లుతుంది కదా అని అడిగాడు. చెల్లుతుంది అని నాయనే చెప్పేశాడు.

అట్లా నడవరా. నాకు ఎంత సంతోషంగా ఉందో రాయడం చేతకావడం లేదు. మీ బావకు కోపం లేదు, అక్షరాలంటే భయం. ఈసారి గీత గీయించి పంపుతున్నాను, కింద ఉన్నది అదే.

నీ అక్క
చౌడేశ్వరి


అనంతపురం,
14 నవంబర్ 2004

అక్కా,

ఇది నాయన ముందు చదవవద్దు. ఎవరూ లేనప్పుడు చదువు.

మా ఆఫీసులో గంట కట్టేది ముందున్నవాడికి కాదు, చివర ఉన్నవాడికి. వారంలో అందరికంటే తక్కువ తెచ్చినవాడి మెడలో వేస్తారు. వాడు లేచి నీళ్లకు వెళ్లినా, బాత్‌రూముకు వెళ్లినా గంట మోగాలి, అందరూ తలెత్తి చూడాలి, వాడికి సిగ్గు రావాలి, వచ్చే వారం ఎక్కువ తేవాలి. అదీ లెక్క. నాగేశ్వర దీన్ని సరదా అంటాడు. కుటుంబంలో ఒకరినొకరు ఆటపట్టించుకోరా అంటాడు. అందరూ నవ్వుతారు. పోయిన వారం మెడలో గంటతో కూర్చున్నవాడు కూడా ఈ వారం నవ్వుతాడు, తన మెడలో లేదు కదా. నేనూ ఒకసారి నవ్వాను. అది చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మొదటిసారి ఉమాదేవి గారికి పడింది. నేను నవ్వింది అప్పుడే. ఆమె గంటను కొంగు కింద దాచి, నాలుకను పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ఒక చేత్తో పట్టుకుని, ఒక చేత్తోనే వారమంతా రాసింది. మన నాయన గంట అక్కా. నేనే అడిగి తెప్పించాను.

నాకు పడినప్పుడు అంత ఓపిక లేక, గంటలో చేతిరుమాలు కుక్కాను. ఇప్పుడు మూడు వారాలుగా నా మెడలోనే ఉంది. నీకు చెబుదామనే రాయబోయి, అంతవరకు రాయలేక ఆపేశాను. మీరు దాన్ని అట్లా అర్థం చేసుకుంటారని తోచనే లేదు. తోచాల్సింది. మన ఇంట్లో గంట అంటే ఇంకేం అర్థం ఉంది.

నాయనకు చెప్పవద్దు. బెల్లం పంచాక చెబితే తల ఎత్తుకుని టీ అంగడికి వెళ్లలేడు.

గంగాధర్


కుందుర్పి,
30 నవంబర్ 2004

గంగాధర్‌కు,

నీ ఉత్తరం అంగన్‌వాడీలో చదివాను. పిల్లలు నిద్రపోతున్నారు. చదివాక పొయ్యిలో పెట్టి కాల్చేశాను. వారం రోజులు నీకు రాయకుండా ఉన్నది కోపంతోనే. ఎవరి మీద కోపమో తెలియడానికి వారం పట్టింది. ముందు నీ మేనేజర్ మీద అనుకున్నాను. తర్వాత నీ మీద. ఆఖరికి చూస్తే నా మీదే. మూడుసార్లు గొంతెత్తి చదివి వినిపించింది నేనే కదా.

వదిలేసి రా అని రాయాలనిపించింది. రాయలేదు. వచ్చి ఇక్కడ ఏం చేస్తావో నాకు తెలియదు. చెనక్కాయ ఈసారి కూడా పీకిన కూలికి సరిపోలేదు.

నాయనకు చెప్పలేదు. కానీ చెప్పకుండా ఉండడం ఎంత కష్టమో నీకు తెలియదు. రోజూ సాయంత్రం దొడ్డి మూసి వచ్చి, గంగాధర రాసినాడా, గంట ఇంకా వానికే ఉండాదా అని అడుగుతాడు. ఉంది నాయనా అంటాను. అది అబద్ధం కాదు కదా, ఇంకా మంట. నిన్న నీకు రాయమని కొన్ని మాటలు చెప్పాడు. రాయనని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

‘గంట కట్టినోడు పరుగెత్తకూడదని చెప్పు. పదడుగులు నడిచి నిలబడాల. వెనక కుంటిది ఉంటాది, ముసిలిది ఉంటాది, ఈనినది ఉంటాది. అవి వచ్చిందాక ఊరికే మేస్తా ఉండాల. కరియ అట్లే నిలబడేది. ముందర పోయేదే పనైతే కుక్క కూడా పోతాది.’

ఇంకొకటి. మంద కణేకల్‌కు కదిలేలోపు, జనవరిలో ఒకసారి అనంతపురం వచ్చి నీ మెడలో గంట కళ్లారా చూసి పోతానంటున్నాడు. నేను ఏదో ఒకటి చెప్పి ఆపుతాను. నువ్వు భయపడవద్దు.

చౌడేశ్వరి


అనంతపురం,
6 జనవరి 2005, గురువారం

అక్కా,

బయ్యన్న నిన్న మార్కెట్లో కలిశాడు. నాయన ఈ వారంలోనే బయలుదేరుతున్నాడని, కొత్త కంబళి కూడా తీసి పెట్టుకున్నాడని చెప్పాడు. ఎట్లాగైనా ఆపు. అమ్మకు బాగాలేదని చెప్పు, నాకు బాగాలేదని చెప్పు, ఆఫీసు మూసేశారని చెప్పు. నాయన కళ్ల ముందు ఆ గంటతో నేను నిలబడలేను. ఆయన వస్తే ఆ పూటే ఉద్యోగం వదిలి ఎటైనా వెళ్లిపోతాను, ఇంటికి మాత్రం రాను. ఇది బెదిరింపు కాదు.

నాయన చెప్పి పంపిన మాటలు చదివి మొదట నవ్వొచ్చింది. కుంటిదట, ముసలిదట. తర్వాత ఏం జరిగిందో నీకొక్కదానికే చెబుతున్నాను.

డిసెంబర్ రెండో వారంలో చివర ఉన్నది ఇద్దరమే, నేను, ఉమాదేవి గారు. శనివారం సాయంత్రం ఒక పంతులు గారు నా దగ్గర ఫారం మీద సంతకం పెట్టారు. ఆ ఒక్కటి నాకు చేరితే గంట ఆమె మెడకు పోతుంది. నిజానికి ఆ పంతులు గారి ఇంటికి ముందు రెండుసార్లు వెళ్లి వచ్చింది ఆమే. ఆయన ఒప్పుకున్న రోజు నేను వెళ్లాను, అంతే. ఫారం మీద ఎవరు తెచ్చారో రాసే గడి ఒకటి ఉంటుంది. పెన్ను పట్టుకుని ఆ గడి దగ్గర ఎంతసేపు ఆగానో తెలియదు. నాయన మాటలు గుర్తొచ్చాయి. ఆమె పేరు రాశాను.

సోమవారం గంట నాకు పడింది. ఆమెకు అర్థమైంది. మధ్యాహ్నం తన డబ్బాలోంచి ఒక ఓళిగ తీసి నా బల్ల మీద పెట్టింది. తర్వాత కూడా అట్లాంటి అవకాశం వస్తే అదే చేశాను. ఇప్పుడు ఆ గంట నాకు అలవాటైపోయింది. చేతిరుమాలు కుక్కుకుంటాను, పని చేసుకుంటాను. ఎవరైనా నవ్వితే నవ్వుతాను. మంచి పని చేశానో, వెర్రి పని చేశానో తెలియదు. అయినా గడిచిపోతుంది. నాయన చూడకపోతే చాలు. ఆయన చూపు మాత్రం భరించలేను.

ఉత్తరం అందగానే ఏదో ఒకటి చెయ్యి.

గంగాధర్


అనంతపురం,
18 జనవరి 2005

అక్కా,

నాయన వచ్చిపోయి వారం దాటింది. ఇవాళే రాయగలుగుతున్నాను. నేను రాసింది నీకు ఆలస్యంగా అందినట్టుంది. నీ మీద కోపం లేదు.

పోయిన వారం సోమవారం, పదో తేదీ. తొమ్మిదింటికి మీటింగు జరుగుతోంది. నాగేశ్వర గంట నా మెడలో వేశాడు, చప్పట్లు కొడుతున్నారు. అద్దాల తలుపు అవతల కంబళి భుజం మీద వేసుకుని నాయన. ఎప్పుడు వచ్చాడో, ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. చప్పట్లు ఒకరొకరుగా ఆగాయి.

చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడు. నాగేశ్వరను చూసి ‘ఏమప్పా, బాగుండావా?’ అన్నాడు. పేరు పెట్టలేదు, సార్ అనలేదు. నాగేశ్వర తడబడి, ఇది ఊరికే సరదా అంకుల్ అని ఏదో చెప్పబోయాడు. నాయన వినిపించుకోనట్టే నా దగ్గరికి వచ్చి గంట చేత్తో పట్టుకున్నాడు. లోపల చేతిరుమాలు కనిపించింది. రెండు వేళ్లు పెట్టి దాన్ని బయటికి లాగి, మడిచి, నా జేబులో పెట్టాడు. ‘మూగ గంట కట్టుకోని నడిస్తే వెనకోళ్లకు యాడ తెలుస్తాదిరా?’ అన్నాడు.

తర్వాత పట్టా విప్పాడు. అది బాగా వదులుగా ఉంది, గంట రొమ్ము మీద వేలాడుతోంది. గొంతు కిందికి వచ్చేట్టు బిగించి, కరియకు వేసే ముడి వేశాడు. మెడ వెనక అరచేత్తో ఒకసారి రాశాడు. నాకు గుర్తుండగా నాయన నన్ను ముట్టుకోవడం అదే. ‘పో, ముందర నడువు’ అన్నాడు.

నడిచాను అక్కా. నా సీటు దాకా పన్నెండు అడుగులు. గంట ప్రతి అడుగుకూ మోగింది. ఎవరూ నవ్వలేదు. ఉమాదేవి గారు లేచి నాయనకు నీళ్లు తెచ్చి ఇచ్చి, తిరిగి వెళ్లకుండా అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చింది. నాయన నీళ్లు తాగి, ఆమెకు దండం పెట్టి, మధ్యాహ్నం బస్సుందని వెళ్లిపోయాడు. బస్టాండు దాకా నేనూ వెళ్లాను. దారిలో గొర్రెల సంగతి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. బస్సెక్కే ముందు గోరంట్ల అబ్బాయి బక్కగా ఉండాడు, సరిగ్గా తినడేమో అన్నాడు.

నిన్న మళ్లీ సోమవారం వచ్చింది. గంట నాగేశ్వర బల్ల మీద ఉంది. ఎవరి మెడలోనూ వేయలేదు. ఎందుకు వేయలేదని ఎవరూ అడగలేదు. వేయనని ఆయన చెప్పనూ లేదు. మీటింగు అయ్యాక నా దగ్గరికి వచ్చి, మీ నాయన నిజంగా అట్లాగే అనుకుంటున్నారా అని అడిగాడు. అవునన్నాను. ఈ రోజు పొద్దున నుంచి నేను ‘అన్నా’ అంటున్నా ఆయన టీ అడగడం లేదు.

నా అదృష్టం, నాయనకు ఏమీ తెలియలేదు. ఇంకా అట్లాగే అనుకుంటున్నాడు. నేను ఆరో తేదీన రాసిన ఉత్తరం దారిలో ఎక్కడైనా ఆగి ఇప్పుడు అందితే, నువ్వు చదువుకుని చించెయ్యి. ఆయన చెవిన మాత్రం వేయవద్దు.

గంగాధర్


కుందుర్పి,
22 జనవరి 2005

గంగాధర్‌కు,

నీ ఆరో తేదీ ఉత్తరం ఎక్కడా ఆగలేదు. ఎనిమిదో తేదీ, శనివారం మధ్యాహ్నమే అందింది.

అప్పటికే నాయన సంచి సర్దుకున్నాడు. ఆపడానికి నేను చెప్పని అబద్ధం లేదు. అమ్మ కూడా రెండు పూటలు మంచం ఎక్కింది. ఆయన వినలేదు. అక్కడ పదిమంది ముందు ఆయన తలవంపులు పడడం కంటే ఇంట్లో నా నోటితో తెలియడం మేలనిపించింది. నీ ఉత్తరం తీసుకుని దొడ్డి దగ్గరికి వెళ్లాను. గంట చివరివాడికి కడతారన్నది ముందు చెప్పేశాను. తర్వాత నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివాను, నీ బెదిరింపుతో సహా. నీ మాట తప్పాను. తిట్టాలనుంటే తిట్టు.

చదువుతున్నంతసేపూ గొర్రె కాలికి గుచ్చుకున్న ముల్లు తీస్తూనే ఉన్నాడు. తలెత్తలేదు. ముల్లు తీసి, గొర్రెను వదిలి, ఆ ధర్మవరం ఆమె గురించి రాసింది మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఫారం మీద నువ్వు ఆమె పేరు రాసిన చోటికి రాగానే చెయ్యెత్తి ఆపాడు.

‘అట్లైతే సరిగానే కట్టినారు కదమ్మా’ అన్నాడు.

మరుసటి రోజు సాయంత్రం బస్సెక్కి కళ్యాణదుర్గంలో పెద్దమ్మ ఇంట్లో పడుకుని, తెల్లవారి మీ ఆఫీసుకు వచ్చాడు. ఎందుకు పోతున్నావు నాయనా, అన్నీ తెలిసి కూడా అని నేను అడిగాను. వాళ్లకు కట్టడం చేతకాలేదు, వదులుగా కట్టి ఉంటారు, చూసొస్తా అన్నాడు.

ఈ రోజు పొద్దున మంద కణేకల్‌కు కదిలింది. ఈసారి కూడా ఏ పోతుకూ గంట లేదు. బయ్యన్న సోమవారం అనంతపురం పోతున్నాడు, కరియ గంట తెమ్మని చెప్పనా అని నాయనను అడిగాను. వద్దన్నాడు. కర్ర తీసుకుని రెండడుగులు వేసి, వెనక కుంటి గొర్రె ఒకటి ఆగిపోతే అది వచ్చేదాకా నిలబడ్డాడు. అప్పుడు నన్ను చూసి, ‘యాడ ఉండాల్నో ఆడే ఉండాది’ అని చెప్పి నడిచాడు.

నీ అక్క
చౌడేశ్వరి